వెనక పక్క నాది

మా అన్న శ్రీహరి ఆత్మకథ రాశాడు. పెద్ద ఆఫీసరుగా రిటైరయ్యాడు, పొద్దు పోవడం లేదు, రాశాడు. పోయిన నెల బర్కత్‌పురలోని మా ఫ్లాటుకి తనే స్వయంగా వచ్చి, సంచిలోంచి లావుపాటి కాగితాల కట్ట తీసి టీపాయ్ మీద పెట్టాడు. "రాజీ, జర చూసి పెట్టు. నువ్వు రాసేదానివి గద, నీకు ఎర్కైతది. తప్పులుంటే దిద్దు, యాడన్న నాలుగు మంచి మాటలు పడాల్నంటే పెట్టు. వచ్చే నెల ప్రెస్సుకిస్త," అన్నాడు. చక్కెర లేని చాయ్ అడిగి తాగాడు, ఆ చాయ్‌తో రెండు తీపి బిస్కెట్లు తిన్నాడు, మోకాళ్ల నొప్పుల గురించి కాసేపు మాట్లాడి వెళ్లిపోయాడు. ఆయన మీద నాకు ప్రేమ లేదని కాదు. అమ్మ పోయాక నెలకోసారైనా నా గడప తొక్కే మనిషి ఆయనొక్కడే. కానీ కట్ట విప్పి ముప్పయ్యో పేజీకి వచ్చేసరికి నా కడుపు మండిపోయింది. అక్కడ ఇలా ఉంది: "చిక్కడపల్లిలోని మా చిన్న ఇంట్లో, ముందు గదిలో చాప మీద కూర్చుని, నోట్సంతా నా చేత్తో నేనే రాసుకున్నాను. ఆ నోట్సే తర్వాత అశోక్‌నగర్‌లో ఎంతోమందికి దారి చూపింది. నేను చదువుకునే వేళ మా చెల్లెలు రాజ్యలక్ష్మి చాయ్ అందించేది."

అందించాను. అబద్ధమెందుకు ఆడాలి, చాయ్ అందించిన మాట నిజమే. రోజుకు నాలుగుసార్లు. ఆ ఇంట్లో మూడు గదులు ఒకదాని వెనక ఒకటి, రైలుపెట్టెల్లా ఉండేవి. ముందు గది అన్నది, నడిమి గది బాపుది, వెనక వంటింటిని ఆనుకున్న అర్ర నాదీ మా నర్సత్తదీ. నర్సత్త బాపుకి అక్క. పెళ్లయిన మూడో ఏడే మొగుడు పోతే తమ్ముడి ఇంటికి వచ్చి, ఆ వెనక అర్రలోనే ముసలిదైపోయింది. పొద్దున్నే నల్లా వచ్చే వేళకు బిందెలన్నీ వరసపెట్టేది ఆమే, గాసునూనె స్టవ్వు వత్తులు కత్తిరించేది ఆమే. ఇల్లంతా గాసునూనె, తడిసిన చాప, బాపు తలకు రాసుకునే నూనె, అత్త ముక్కుపొడి, అన్నీ కలిసిన ఒక వాసన. ఇప్పటికీ ఎక్కడైనా పాత ఇంట్లోకి అడుగుపెడితే నా ముక్కు ఆ వాసన కోసమే వెతుకుతుంది. బాపు ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా మేకుకు తగిలించి, చాయ్‌ని సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. తాగుతూనే గొంతు తగ్గించి అమ్మను అడిగేవాడు, "పిలగాడు చదువుకుంటుండా?" అని. పిలగాడు చదువుకుంటున్నాడంటే ఇంట్లో రేడియో ఉండదు, గిన్నె గిన్నెకు తగలదు, తుమ్ము వస్తే అత్త కొంగు అడ్డం పెట్టుకుని వాకిట్లోకి పరుగెత్తేది. ముక్కుపొడి పీల్చే మనిషికి అదెంత కష్టమో ఆలోచించండి.

అన్న అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్లేవాడు. క్లాసులో సారు చెప్పింది గీకుకొచ్చేవాడు. ఆ రాత సాయంత్రానికి ఆయనకే అర్థమయ్యేది కాదు. నా చేతిరాత బాగుంటుంది కాబట్టి సాపు చేసే పని నాకు పడింది. మొదట సాపు చేయడమే. తర్వాత తర్వాత, ఆయన గీకుకొచ్చిన దాంట్లో తల ఉంటే తోక ఉండేది కాదు, అందుకని నేనే లైబ్రరీకి వెళ్లి, ఆడవాళ్ల బల్ల దగ్గర కూర్చుని, పుస్తకాలు తిరగేసి, శాతవాహనుల నుంచి కుతుబ్‌షాహీల దాకా వరసగా కూర్చి రాయడం మొదలుపెట్టాను. కాకతీయుల చెరువుల మీద నేను రాసిన పది పేజీలు అన్న నోటికి వచ్చేదాకా చదివాడు. నన్ను ఎవరూ పరీక్ష రాయొద్దని ఆపలేదు, ఆ మాట కూడా చెప్పాలి. నాకే ఆ ఉద్యోగం వద్దు. నాకు కావలసింది వేరే ఉంది. నేను నవల రాస్తున్నాను.

నవలకి కాగితం కావాలి కదా. బాపు ఠావు కాగితాల కట్టలు తెచ్చేది అన్న చదువుకి. ఒకసారి వాటిలోంచి పది కాగితాలు తీసి కథ రాసుకుంటుంటే చూశాడు. తిట్టలేదు. "కథలకు గింత మంచి కాగితమా బిడ్డా?" అన్నాడంతే. ఆ అడగడంలో కోపం కూడా లేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. తిడితే బాగుండేది. అప్పుడు నాకు తట్టింది. అన్నకు కాగితానికి ఒక్క పక్కే రాయాలి, ఇంకు అవతలికి దిగితే చదివేటప్పుడు కళ్లు గుంజుతాయని ఆయన పట్టు. అంటే ప్రతి కాగితానికీ వెనక పక్క ఖాళీ. అన్నను అడిగాను. "ఇంకు ముందు పక్కకు దిగనియ్యవు గద? అయితే రాసుకో పో. ముందు పక్క నాది, వెనక పక్క నీది," అన్నాడు నవ్వుతూ. అలా బాల్‌పెన్నుతో, అసలు నొక్కకుండా, కాగితాన్ని బుజ్జగించినట్టు రాయడం నేర్చుకున్నాను. పైగా అందులో ఒక సుఖం ఉంది. ఎవరు తొంగిచూసినా నేను అన్న నోట్సు రాస్తున్నట్టే కనిపించేది. అమ్మ చూసి మురిసిపోయేది కూడా, "అన్న కోసం ఎంత తండ్లాడుతదో పిల్ల" అని పక్కింటావిడతో చెప్పుకునేది.

నవల యాదమ్మ అనే ఒక విధవరాలి గురించి. తమ్ముడి ఇంట్లో వెనక అర్రలో ఉంటుంది. ఏ కష్టమూ లేదు, ఎవరూ కొట్టరు, తిట్టరు, వేళకు ఇంత పెడతారు. ఒకరోజు ఆమెకు వేరే ఎక్కడైనా ఒక అర్ర కిరాయికి తీసుకుని ఒక్కతీ ఉండాలనిపిస్తుంది. అంతే కథ. ఎవరిని చూసి రాశానో చెప్పక్కర్లేదు. మధ్యాహ్నాలు అన్న కోచింగ్‌కి వెళ్లాక నర్సత్త కాళ్లు చాపుకుని, మోకాలి మీద దూది పెట్టి, వేలికి బూడిద అద్దుకుని దీపాలకు వత్తులు చేసేది. చేస్తూ, "చదువు," అనేది. ఆమెకు చదువు రాదు. నేను కాకతీయుల చెరువులు తిప్పి వెనక పక్క చదివేదాన్ని. అత్త ఎప్పుడూ బాగుందనలేదు, బాగోలేదనలేదు. ఒక్కోచోట వత్తి చేయడం ఆపేది. ఆమె ఎక్కడ ఆపితే అక్కడ నేను సరిగ్గా రాశానని గుర్తు పెట్టుకునేదాన్ని. అంతకంటే మంచి విమర్శ నాకు మళ్లీ దొరకలేదు. తమ్ముడి ఇంట్లోనే కూర్చుని, వేరే ఇంటికి పోవాలనుకునే యాదమ్మ కథ వింటూ ఆమె ఏమనుకునేదో నేను అడగలేదు. ఆ వయసులో అడగాలని తోచదు. ఒక్కసారి మాత్రం తనంతట తనే అంది: "యాదమ్మకు అర్ర దొరికితె గోడకు మేకులు కొట్టొద్దని చెప్పు. కిరాయిండ్లల్ల మేకులు కొడితె లొల్లి వెడ్తరు." నేను నవ్వాను. అత్త నవ్వలేదు. యాదమ్మ పెట్టె సర్దుకుని, తాళం వేసి, గడప దగ్గరికి వచ్చి నిలబడిన చోటు దాకా రాశాను. తర్వాత ఎలా రాయాలో తోచక నాలుగు రోజులు ఆగాను.

ఆ నాలుగు రోజుల్లోనే అన్న రిజల్టు వచ్చింది. పెద్ద ర్యాంకు. అశోక్‌నగర్ ఆచారం మీకు తెలుసో లేదో. ర్యాంకు వచ్చినవాడి నోట్సంటే అక్కడ ప్రసాదం లెక్క. వాడు ఏ పెన్నుతో రాశాడు, ఏ హోటల్లో చాయ్ తాగాడు, అన్నీ అడుగుతారు. ఆ మధ్యాహ్నం నేనూ అమ్మా వంటింట్లో భక్ష్యాలు చేస్తున్నాం. ముందు గదిలో అన్న దోస్తుల నవ్వులు, వీపు మీద చరుపులు వినబడుతున్నాయి. పళ్లెం నిండా భక్ష్యాలు పట్టుకుని వెళ్లేసరికి దోస్తులు లేరు. కిటికీ కింద కాగితాలుండే రేకుపెట్టె మూత తెరిచి ఉంది, లోపల ఏమీ లేదు.

"అన్నా, కాగితాలేవి?"

"నోట్సా? దోస్తులు తీస్కపోయిండ్రు. జిరాక్స్ చేస్కుంటరట." అప్పటికే ఒక భక్ష్యం ఆయన నోట్లో ఉంది.

"వెనక పక్క నా నవల ఉన్నది గదన్నా!"

"ఉంటె ఉండనీ. వాండ్లేమన్న చదువుతరా? వారం దినాలల్ల తెచ్చిస్తరు తీ."

నాకు ఏడుపొచ్చింది. బాపు నడిమి గదిలోంచి వచ్చి, "ఇంట్ల గింత సంబురమైతుంటె నీ ఏడుపేంది బిడ్డా?" అన్నాడు. అన్న నన్ను సముదాయించబోయాడు. ఆ సముదాయింపే నన్ను కాల్చింది. "మళ్ల రాస్తె అయితది గద రాజీ. నువ్వు రాసిందే నాయె, నీ మతిల ఉండదా?" వంటింట్లో అమ్మ, పిల్లలిద్దరూ ఒకరికొకరు ఎంత ప్రాణమో అని, నేను సంతోషంతో ఏడుస్తున్నాననుకుని, తనూ కళ్లు తుడుచుకుంది.

వారం అయింది, రెండు వారాలయింది. కాగితాలు రాలేదు. అశోక్‌నగర్‌లో జిరాక్స్ దుకాణం కనుక్కుని వెళ్తే, పని అయిపోయింది, హరన్న దోస్తులు కాగితాలు తీసుకెళ్లారన్నాడు దుకాణమతను. ఎవరు? ఎక్కడ ఉంటారు? విద్యానగర్‌లో ఎక్కడో రూము. ఇంటికొచ్చి వెనక అర్రలో పడుకున్నాను. నర్సత్త దూది పక్కన పెట్టి లేచి, ముక్కుపొడి డబ్బీ రొండిన దోపుకుని, "పా, నేనొస్త. మొగపిలగాండ్ల రూములకు ఒక్కదానివి ఎట్ల పోతవ్?" అంది. గుడికి తప్ప వీధి దాటని మనిషి. ఎండలో విద్యానగర్ దాకా నడిచాం. బనియన్లతో ఉన్న పిలగాండ్లు మమ్మల్ని చూసి చొక్కాల కోసం ఉరికారు. అత్త గడపలో నిలబడి, "బిడ్డా, మా పిల్ల రాసిన కథ మీకాడ ఉన్నదట, ఇయ్యండ్రి," అంది.

"కథ గాదమ్మా, హరన్న నోట్సు," అన్నాడొకడు. "సగం మాకాడ ఉండె. మొన్ననే రాంనగర్ దోస్తు తీస్కపోయిండు."

రాంనగర్ వెళ్లాం. ఆ రూముకి తాళం. ఇంటావిడ బట్టలు ఆరేస్తూ, పిలగాడు ఖాళీ చేసి, పెట్టె సర్దుకుని ఊరికి పోయాడని చెప్పింది. ఏ ఊరో ఆమెకు తెలియదు. తిరిగి వస్తుంటే దారిలో ఎవరిదో మెట్టు మీద అత్త కూలబడింది. చిటికెడు ముక్కుపొడి పీల్చి, ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండా గట్టిగా తుమ్మింది. తర్వాత అంది: "పోతె పోనియ్. ఆడిదాంక నాకు యాదికున్నది. నేను చెప్త, నువ్వు రాయి. యాదమ్మ పెట్టెకు తాళమేసింది. గడపల నిలవడ్డది. ఆడికెల్లి నువ్వు చెప్పు. పోయిందా, లేదా?"

ఈ కథ మొత్తంలో నాకు అన్నింటికంటే కష్టమైన చోటు ఇది. అన్న చేసింది చెప్పడం సులువు. నేను చేసింది చెప్పాలి. అత్త అన్నంత పనీ చేసేది. ఆమెకు నా నవల మాట పొల్లుపోకుండా గుర్తుంది, వత్తులు చేస్తూ మొదటి నుంచి చివరిదాకా చెప్పేది, నేను రాసుకునేదాన్ని. నేను రాయలేదు. నాకు కోపం. నేను రాయడం మానేస్తే వీళ్లందరికీ బుద్ధి వస్తుందనుకున్నాను. అన్న తప్పు తెలుసుకుంటాడు, బాపు ఒక కొత్త కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెడతాడు, అప్పుడు రాద్దామనుకున్నాను. నేను రాయడం మానేసిన సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియనేలేదు. నోట్సు పని అయిపోయింది కాబట్టి రాజీ ఖాళీగా ఉందనుకున్నారు. తెలిసింది అత్తకొక్కదానికే, శిక్ష పడిందీ ఆమెకే. మరుసటేడు వానాకాలంలో ఆమె మంచం పట్టింది. దూది పట్టుకునే బలం కూడా లేదు. తల నిమురుతుంటే, "పోయిందా యాదమ్మ?" అని అడిగింది. "రాస్తున్న అత్తా, అయిపోవచ్చింది," అన్నాను. ఒక్క అక్షరం రాయలేదు. "పోయింది" అని ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది? ఆ మాటా అనలేదు. రాయకుండా చెప్పకూడదనే పొగరు నాకు. అత్త వెళ్లిపోయింది. ఆ తర్వాత బాపు ఆ వెనక అర్రలో బియ్యం బస్తాలు పెట్టించాడు.

ఆ తర్వాత నేను నారాయణగూడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనిలో చేరాను. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఆ పని మాత్రం వదల్లేదు. కూరగాయల సంచి ఒక భుజాన, దిద్దాల్సిన ప్రూఫుల కట్ట ఒక భుజాన వేసుకుని నారాయణగూడ మార్కెట్ నుంచి నడిచిన సాయంత్రాలు లెక్కలేనన్ని. ఊళ్లో ఉన్న రచయితలందరి నవలలూ నా చేతి మీదుగా పోయాయి. కొన్ని ఎంత చెత్తవో మీకు చెప్పలేను. వాటికి నేను కామాలు పెట్టాను. రెండు కథల పుస్తకాలు వేసుకున్నాను కూడా, చిన్నవి. సభల్లో శాలువా కప్పి "రచయిత్రి" అంటారు. "నవల ఎప్పుడమ్మా?" అని ఎవరైనా అడిగితే, టైము దొరకడం లేదంటాను. మనసులో మాత్రం, ఉన్న ఒక్క నవలనూ మా అన్న పంచిపెట్టేశాడు అనుకుంటాను. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఒక్క మాట చెప్పుకుని బతికాను. రాయకపోవడానికి ఇంత మంచి కారణం దొరికితే ఎవరు వదులుకుంటారు చెప్పండి.

ఇక ఇప్పటి సంగతి. ఇంకొకరి అసలు ప్రతి మీద గీతలు గీయడం ప్రూఫులు దిద్దేవాళ్లకు ఇష్టముండదు. అన్న ఆత్మకథకు జిరాక్స్ తీయిద్దామని కట్ట పట్టుకుని అశోక్‌నగర్ వెళ్లాను. ఆ రోజుల్లో అక్కడ రెండో మూడో కోచింగ్‌లు, వాటి పక్కన ఇళ్లూ ఉండేవి. ఇప్పుడు ఇళ్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. హాస్టల్ బోర్డు మీద హాస్టల్ బోర్డు, బాల్కనీల నిండా ఆరేసిన తువ్వాళ్లు, బండి దగ్గర నిలబడి ఒక చేత్తో ఇడ్లీ ప్లేటు, ఇంకో చేత్తో కరెంట్ అఫైర్స్ పట్టుకున్న పిల్లలు. మా కాలంలో ఒక్క శ్రీహరి కోసం ఒక్క ఇల్లు నోరు మూసుకునేది. ఇప్పుడు ఊళ్లలో ఎన్ని ఇళ్లు అలా ఊపిరి బిగబట్టి కూర్చున్నాయో అనిపించింది. జిరాక్స్ దుకాణంలో నా ముందు ఒక అమ్మాయి, పాతికేళ్లు దాటి ఉంటాయి, అరిగిపోయిన స్పైరల్ పుస్తకం ఒకటి మిషన్ వాడికి ఇచ్చి, "రెండు పక్కల తీయన్నా, వెనక పేజీలు ఇడిశిపెట్టకు," అంటోంది. వాడు మొదటి పేజీ తిప్పాడు. కాపీకి కాపీ తీసి, దానికి మళ్లీ కాపీ తీసి వెలిసిపోయిన అక్షరాలు. ఆ "క్ష"కి తోక అలా తిప్పేది ఈ ఊళ్లో నేనొక్కదాన్నే.

కౌంటరు పట్టుకుని, "అది ఏం పుస్తకం బిడ్డా?" అన్నాను.

"హరి సార్ నోట్స్ మేడమ్. హిస్టరీ. మా మామది, ఆయనకు వాళ్ల సీనియర్ ఇచ్చిండట."

"అంత పాతది ఇప్పుడు పనికొస్తదా?"

"సిలబస్ ఎంత మారినా కాకతీయులు యాడికి పోతరు మేడమ్?" అని నవ్వింది. పేరు సుమలత అట. నల్లగొండ దగ్గరి ఊరు. నాలుగేళ్లుగా ఇక్కడే హాస్టల్లో ఉంటోంది. మూడుసార్లు రాసింది, మూడుసార్లూ కొద్దిలో పోయింది. ఇంటి నుంచి ఫోనొస్తే ఇక చాలు వచ్చెయ్యమనే మాటే. అడగకుండానే ఇవన్నీ చెప్పింది. అశోక్‌నగర్‌లో ఎవరినైనా ఎట్లున్నవని అడిగితే ముందు ఎన్ని అటెంప్టులో చెబుతారు.

"వెనక పేజీలల్ల ఏమున్నది?" అన్నాను.

"కథున్నది మేడమ్. యాదమ్మని ఒకామె. ఎందుకు రాసిండ్రో తెల్వదు గని మా హాస్టల్ల అందరం చదివినం. మతి చెడ్డప్పుడు నేను నోట్స్ చదవను, గదే చదువుకుంట. హరి సార్ అంత పెద్ద ఆఫీసర్, మొగాయన, గా ఆడామె బాధ ఎట్ల తెల్సుకున్నడో మేడమ్!"

దుకాణంలో ఉన్నాం కాబట్టి సరిపోయింది. లేకపోతే నేనేమనేదాన్నో. చేతిలో ఉన్న కట్ట, అదే ఆ హరి సార్ ఆత్మకథ, కౌంటరు మీద బోర్లా పడేశాను. "ఆయనకేం తెల్వది బిడ్డా. ఆయన ముందు పక్క గూడ రాయలే. రెండు పక్కలా నేనే రాసిన," అన్నాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. నమ్మలేదు, ఎందుకు నమ్మాలి? జిరాక్స్ వాడి పెన్ను తీసుకుని, పక్కనున్న చిత్తు కాగితం మీద "యాదమ్మ పెట్టెకు తాళం వేసి గడప దగ్గరికి వచ్చింది" అని రాసి, స్పైరల్ పుస్తకం పక్కన పెట్టాను. సుమలత రెండింటినీ మార్చి మార్చి చూసింది. జిరాక్స్ వాడు కూడా మిషన్ ఆపి చూశాడు.

ఆ పుస్తకం నా చేతికిచ్చింది. కాకతీయుల చెరువుల వెనక యాదమ్మ నల్లా దగ్గర బిందె పెడుతోంది. గోల్కొండ పాలన వెనక యాదమ్మ కిరాయి అర్ర చూసి వస్తోంది. ఎంతమంది చేతులు మారిందో, ప్రతి పేజీ అంచునా ఎవరెవరివో రాతలు. అన్న నోట్సులో ఉంది కాబట్టి ఏదో ఉండే ఉంటుందని ఎవరూ ఆ పేజీలు పారెయ్యలేదు. ర్యాంకర్ రాసింది పారేసే ధైర్యం అశోక్‌నగర్‌లో ఎవరికుంటుంది? యాదమ్మ మాటల కింద స్కేలు పెట్టి గీతలు గీశారు. "ఇంపార్టెంట్" అని చుక్క పెట్టారు. ఒకచోట ఒక పిచ్చి మారాజు, పాపం నిజంగానే అడిగాడు: "ఈమె ఏ వంశం?" నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. దాని కింద ఇంకెవరిదో చేతిరాత, వేరే ఇంకు: "సిలబస్‌లో లేదు. అయినా చదవండి."

నా రెండు పుస్తకాలకూ ఎన్నో సమీక్షలు వచ్చాయి, పెద్దపెద్దవాళ్లు రాశారు. అవన్నీ ఒక ఎత్తు, ఆ నాలుగు మాటలు ఒక ఎత్తు. ఎవరతను, ఎవరామె, నాకు తెలియదు. పరీక్షలో మార్కు రాని దాన్ని చదవడానికి టైమే లేనివాళ్ల మధ్య కూర్చుని ఆ మాట రాశారు. సంతోషం కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. సిగ్గేసింది. నా నవల పోయిందని నేను ఏడుస్తూ కూర్చున్న ఇన్నేళ్లూ అది ఇక్కడే, మా ఇంటికి అరగంట నడక దూరంలో, చేతులు మారుతూ తిరుగుతోంది. సగానికి ఆగిపోయి, పరాయి పేరు మీద, అయినా తన పని తాను చేసుకుంటోంది. పని ఆపింది నేను.

"మరి పోయిందా మేడమ్?" అంది సుమలత. "గడపల నిలవడ్డంక పేజీ అయిపోయింది. మా హాస్టల్ల సగం మంది పోయింది అంటరు, సగం మంది పోలే అంటరు. నేను పోయిందనే అంట. లేకుంటె పెట్టెకు తాళమెందుకేస్తది?"

నర్సత్త అడిగినప్పుడు ఇరవై ఏళ్ల వయసు పొగరుతో ఉన్నాను. ఇప్పుడు ఏ పొగరూ లేదు. అయినా "పోయింది" అనలేకపోయాను. "రాయలే బిడ్డా," అన్నాను. "ఇంకా రాయలే."

"మూడుసార్లు పోయింది, నేను గూడ మళ్ల రాస్తున్న గద మేడమ్," అందా పిల్ల. ధైర్యం చెబుతున్నట్టు కాదు, తన సంగతి తాను చెప్పుకున్నట్టే అంది. వెనక పేజీలన్నింటికీ నాకొక కాపీ తీయించి ఇచ్చి, క్లాసుకి టైమైందని పరుగెత్తింది.

అన్న కట్టకు జిరాక్స్ తీయించనే లేదు. ఇంటికి వచ్చి టీపాయ్ మీద రెండు కట్టలూ పక్కపక్కన పెట్టాను. అన్న ఆత్మకథ తిప్పి చూశాను. మంచి దళసరి కాగితం, ఒక్క పక్కే ప్రింటు. వెనక పక్క తెల్లగా, ఖాళీగా ఉంది. ప్రూఫులు దిద్దేవాళ్ల పట్టింపు అప్పుడు గుర్తొచ్చింది, దాన్ని పక్కన పెట్టాను. ఇంట్లో వేరే కాగితాలు లేక కాదు. అల్మారా నిండా ఉన్నాయి. ఇన్నేళ్లూ ఉన్నాయి, వాటి మీద రాయలేకపోయాను. నాకు ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే పెద్ద మాటలేమీ చెప్పలేను. సగం కోపం, సగం సిగ్గు, అంతే. ఆ రెండూ కలిస్తే కుర్చీలో కూర్చోబెట్టడానికి సరిపోయాయి. అన్న బాల్యం వెనక మొదలుపెట్టాను. ఈసారి గట్టిగా నొక్కి రాస్తున్నాను. కాగితం తిప్పి చూస్తే ఆయన అక్షరాల మధ్య నా గాట్లు ఉబ్బి కనిపిస్తున్నాయి.

పోయిన ఆదివారం ఫోన్ చేశాడు.

"ఏమైంది రాజీ, అయిపోయిందా? ప్రెస్సాయన అడుగుతుండు."

"సగమైంది అన్నా. వెనక పక్క నా నవల రాసుకుంటున్న."

"నా దాని మీదనా?" అన్నాడు.

"వెనక పక్క నాది అన్నవ్ గద. యాదికున్నదా?"

"ఏమో రాజీ... ఎన్నడన్నానో, యాదికి లేదు."

"నాకున్నది. ముప్పయ్యో పేజీల నోట్సు నువ్వే రాసినవని పెట్టినవ్. గది దిద్దిన. చాయ్ సంగతి ఉంచిన, గది నిజమే."

బాధపడుతున్నాడేమో, పడనీ. చిన్నగా, "మరి నా కాగితాలు నాకు ఎప్పుడిస్తవ్?" అన్నాడు.

"నీకు జిరాక్స్ పంపుత అన్నా, రెండు పక్కల. ఈసారి అసలుది నా దగ్గర్నే ఉంటది."

ఫోను పెట్టేసి కాగితం తిప్పాను. యాదమ్మ గడప దిగింది. గోడకు మేకులు కొట్టనని ఇంటావిడకు మాటిస్తోంది.